మీ మొదటి యాప్: పీజీ వంటింటి నుంచి ప్లే స్టోర్ దాకా

బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీలో రాత్రి తొమ్మిదిన్నరకు వంటింట్లోకి వెళ్తే రెండింట్లో ఏదో ఒకటి కనిపించేది. ఒక రోజు అన్నం గిన్నె సగానికి సగం మిగిలిపోయి ఉండేది. ఇంకో రోజు చివర్లో వచ్చినవాళ్లకు చారు తప్ప ఏమీ ఉండేది కాదు. పీజీ నడిపే అక్కది నంద్యాల. అరవై మందికి వండుతుంది. ఎవరు ఆఫీసులోనే తినేసి వస్తారో, ఎవరు శుక్రవారం సాయంత్రమే మడివాళలో బస్సెక్కి ఊరికి వెళ్లిపోతారో ఆమెకు తెలిసే దారి లేదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే జవాబులు మిగతా మెసేజీల కింద కొట్టుకుపోయేవి.

దానికోసం నేను చేసిన చిన్న యాప్ పేరు "మెస్ లెక్క". దాన్నే ఉదాహరణగా పెట్టుకుని, ఒక మొబైల్ యాప్‌ను ఎలా తయారు చేయాలో, ఎలా పరీక్షించాలో, జనం ఫోన్లలోకి ఎలా చేర్చాలో వరసగా చెబుతాను. మీకు ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష కొంచెం వచ్చనుకుంటున్నాను. కోర్సు పూర్తిచేసి, ఇంటర్వ్యూలో "సొంతంగా చేసిన యాప్ ఏదైనా ఉందా" అని అడిగితే మాట రాక కూర్చున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ మా వీధిలోనే ఎంతోమంది ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్లకోసం.

ముందు కాగితం

యాప్ చేసే పనిని ఒక్క వాక్యంలో రాయండి. మాది ఇది: "ఈ రాత్రి భోజనం కావాలో వద్దో సాయంత్రం ఐదులోపు చెప్పాలి, మొత్తం ఎంతమందో అక్కకు కనబడాలి." అద్దె లెక్కలు, గీజర్ పాడైందన్న ఫిర్యాదులు, రేపటి టిఫిన్ ఏంటన్నది, ఇవన్నీ మనసులో మెదులుతూనే ఉంటాయి. వాటిని వేరే పేజీలో రాసి పక్కన పెట్టండి. మొదటి యాప్ మధ్యలో ఆగిపోవడానికి నేను చూసిన పెద్ద కారణం కోడింగ్ రాకపోవడం కాదు, ఆ రెండో పేజీని మొదటి పేజీలో కలిపేయడమే.

తర్వాత స్క్రీన్లు పెన్సిల్‌తో గీయండి. మాకు రెండు స్క్రీన్లు సరిపోయాయి: అబ్బాయిలకు రెండు బటన్లు, "కావాలి", "వద్దు"; అక్కకు ఒక పెద్ద అంకె. గీసిన కాగితాన్ని యాప్ వాడబోయే మనిషి చేతిలో పెట్టండి. ఏమీ వివరించకండి, ఊరికే చూస్తూ ఉండండి. నేను అలా ఇస్తే అక్క కూరగాయలు తరగడం ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ అంకె మీద వేలు పెట్టి అడిగింది: "ఏమీ చెప్పనోళ్లని ఎందులో కలుపుతావు నాయనా?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. అరవై మందిలో సగం మంది యాప్ తెరవనే తెరవరు. వాళ్లను "వద్దు"లో కలిపితే ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం ఉండదు. "కావాలి"లో కలిపితే కొంత మిగులుతుంది. "మిగిలినా పర్వాలేదు, ఎవురూ పస్తు పడుకోగూడదు" అంది అక్క. దాంతో యాప్ రూపమే మారిపోయింది. "కావాలి" బటన్ తీసేశాను. స్క్రీన్ మీద మిగిలింది ఒకే బటన్: "ఈ రాత్రి వద్దు". అది నొక్కనివాళ్లందరూ తింటున్నట్టే లెక్క. ఇదే ప్రశ్న కోడ్ అంతా రాశాక వచ్చి ఉంటే వారం రోజుల పని తుడిచేయాల్సి వచ్చేది.

పనిముట్లు

ఆండ్రాయిడ్ ఫోన్లకు మాత్రమే చేస్తే కోట్లిన్ భాష, ఆండ్రాయిడ్ స్టూడియో తీసుకోండి. 2019 నుంచి గూగుల్ ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌నే ముందు పెడుతోంది, ఉద్యోగాల్లోనూ అదే అడుగుతారు. ఒకే కోడ్‌తో ఐఫోన్‌కు కూడా కావాలంటే ఫ్లట్టర్ గానీ రియాక్ట్ నేటివ్ గానీ. మా పీజీలో ఐఫోన్లు కూడా ఉన్నాయి కాబట్టి నేను ఫ్లట్టర్ తీసుకున్నాను. ఏది మంచిదన్న వాదనలు వింటూ వారాలు గడపకండి. ఒకటి పట్టుకుని మొదటి యాప్ పూర్తి చేయండి, రెండోది నేర్చుకోవడం అప్పుడు తేలిక.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ ఉంటే నెట్టుకురావచ్చు, 16 ఉంటే హాయి. పాత ల్యాప్‌టాప్ అయితే బెంగళూరులో కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి ర్యామ్ పెంచించుకోండి, కొత్తది కొనడం కన్నా చాలా తక్కువలో అవుతుంది. ర్యామ్ తక్కువుంటే ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ జోలికి వెళ్లకండి, నేరుగా మీ ఫోన్ కలపండి. సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ఇన్‌స్టాల్ అంతా సరిగ్గా ఉందో లేదో ఫ్లట్టర్ డాక్టర్ అనే కమాండ్ చెబుతుంది. అది చూపించిన తప్పులన్నీ సరిచేశాకే ముందుకు వెళ్లండి.

ప్రాజెక్టు మొదలుపెట్టే రోజే రెండు పనులు చేయాలి. ఒకటి, కోడ్‌లో చేసే ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ పెట్టుకోవడం. రెండు, ప్యాకేజ్ పేరు, అంటే స్టోర్ మీ యాప్‌ను గుర్తుపట్టే పేరు, సరిగ్గా ఇవ్వడం. ఫ్లట్టర్ దానంతటది పెట్టే "కామ్ డాట్ ఎగ్జాంపుల్" పేరును ప్లే స్టోర్ తీసుకోదు. ఒకసారి ప్రచురించాక ఆ పేరు మార్చే వీలే లేదు. మీ సొంత పేరుతోనో, మీ వెబ్‌సైట్ పేరుతోనో మొదట్లోనే పెట్టేసుకోండి.

కట్టే వరస

ముందు స్క్రీన్లు కట్టండి, లోపల ఉత్తుత్తి అంకెలు పెట్టండి. బటన్ నొక్కితే రంగు మారితే చాలు. ఈ దశలోనే ఫోన్ తీసుకెళ్లి మళ్లీ వాడేవాళ్లకు చూపించండి. తర్వాత లెక్కల తర్కం, చివరికి సర్వర్.

సర్వర్‌కు నేను గూగుల్ ఇచ్చే ఫైర్‌బేస్ సేవ వాడాను. అందులోని ఫైర్‌స్టోర్ డేటాబేస్‌లో రోజుకు 50,000 రీడ్లు, 20,000 రైట్ల వరకు ఉచితం, ఒక పీజీకి అది ఎక్కువే. డేటాబేస్ తెరిచేటప్పుడు ఏ ఊళ్లో ఉండాలో అడుగుతుంది, ముంబై ఎంచుకోండి, తర్వాత మార్చలేరు. అదే సమయంలో "టెస్ట్ మోడ్" అని ఒక దారి చూపిస్తుంది. అది ఎంచుకుంటే 30 రోజుల పాటు మీ డేటాను ఎవరైనా చదవచ్చు, ఎవరైనా చెరపచ్చు. 30 రోజులు దాటగానే యాప్ ఒక్కసారిగా ఆగిపోతుంది. కాబట్టి రూల్స్ మొదటి రోజే రాయండి: ఎవరి వరస వాళ్లే మార్చగలగాలి, మొత్తం లెక్క అక్క మాత్రమే చూడగలగాలి.

ఐదు గంటల గడువును ఫోన్ గడియారంతో చూడకండి. ఫోన్‌లో టైమ్ ఎవరైనా వెనక్కి తిప్పుకోవచ్చు. గడువు సర్వర్ రూల్‌లోనే ఉండాలి. సర్వర్ మాత్రం మన టైమ్‌లో ఆలోచించదు, యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో, ఆలోచిస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి మన సాయంత్రం 5 అంటే దానికి ఉదయం 11:30. ఈ ఒక్క తీసివేత మర్చిపోతే గడువు రాత్రి పదిన్నరకు వెళ్లిపోతుంది, అప్పటికి అక్క గిన్నెలు కూడా కడిగేసి ఉంటుంది.

తెలుగు అక్షరాలకు చోటివ్వండి

మొదటిసారి యాప్‌ను అక్క ఫోన్‌లో పెట్టినప్పుడు ఆమె బటన్ వైపు చూసి "ఇదేంది నాయనా, వదు అని ఉందే?" అంది. నా ఫోన్‌లో "వద్దు" నిక్షేపంగా ఉంది. ఆమె ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది పెట్టుకుంది. నేను బటన్ ఎత్తును ఒక అంకెకు బిగించేశాను. అక్షరం పెరిగింది, బటన్ పెరగలేదు, కిందున్న ద వత్తు తెగిపోయింది.

ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎత్తు మనకు సరిపోదు. మనకు పైన గుణింతాలు, కింద వత్తులు ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో వత్తు కింద వత్తు వస్తుంది. అందుకని బటన్లకూ పెట్టెలకూ ఎత్తు బిగించకండి, కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి పైకీ కిందికీ ఖాళీ వదలండి. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజును చివరిదాకా జరిపి ప్రతి స్క్రీనూ చూడండి. మాటలను కోడ్ మధ్యలో రాయకుండా వేరే ఫైల్‌లో పెట్టుకుంటే రేపు కన్నడం, హిందీ చేర్చడం తేలికవుతుంది. మా పీజీలో వంటకు సాయం చేసే అబ్బాయికి తెలుగు చదవడం రాదు, కన్నడం వచ్చు. రెండో నెలలో అది అవసరపడింది.

తెలుగును పరీక్షించకపోతే ఏమవుతుందో పెద్ద కంపెనీలకూ అనుభవమే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"లాంటి ఒక తెలుగు అక్షరం, లోపల కనబడని ఒక గుర్తుతో కలిసి వస్తే, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అందుకే పేర్లు టైప్ చేసే చోట "జ్ఞానేశ్వరి", "లక్ష్మి", "కృష్ణ" లాంటివి కొట్టి చూడటం నాకు అలవాటైంది.

పరీక్షించడం అంటే

ఇక్కడ తొందరపడకండి. నా దృష్టిలో యాప్ తయారీలో సగం పని ఇదే.

మొదటిది కోడ్‌తో కోడ్‌ను పరీక్షించడం. అన్నింటికీ టెస్టులు రాయాలని కూర్చుంటే విసుగొచ్చి వదిలేస్తారు. తప్పు జరిగితే మనిషికి నష్టం కలిగే చోట రాయండి. మాకు అది గడువు: 4:59కి నొక్కితే ఒప్పుకోవాలి, 5:00కి, 5:01కి ఒప్పుకోకూడదు, రాత్రి 12 దాటితే కొత్త రోజు లెక్క సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ చివరిది రాస్తున్నప్పుడే అమెరికా షిఫ్టులో పనిచేసేవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు రాత్రి ఒంటిగంటకు వచ్చి యాప్ తెరిస్తే "ఈ రాత్రి" అంటే ఏ రాత్రి? అందుకని బటన్ పైన "మంగళవారం రాత్రి భోజనం" అని వారం పేరు కనబడేలా మార్చాను. అయోమయం అక్కడితో తీరిపోయింది.

రెండోది ఫోన్‌ను చేత్తో పట్టుకుని ఇబ్బంది పెట్టడం. ఏరోప్లేన్ మోడ్ పెట్టి బటన్ నొక్కండి. పని మధ్యలో ఫోన్ కాల్ రానివ్వండి. యాప్‌ను మధ్యలో మూసేసి మళ్లీ తెరవండి. డార్క్ మోడ్‌లో చూడండి. బ్యాటరీ సేవర్ పెట్టి చూడండి. స్టోరేజీ నిండిపోయిన పాత ఫోన్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని వారం రోజులు దాంట్లోనే వాడండి. మీ కొత్త ఫోన్‌లో కనబడని నత్తనడక అందులో కనబడుతుంది. నొక్కినదానికి ఐదు సెకన్లలో స్పందన లేకపోతే "యాప్ స్పందించడం లేదు" అని ఆండ్రాయిడే పెట్టె చూపిస్తుంది, చాలామంది అక్కడే యాప్ తీసేస్తారు.

నెట్ లేనప్పుడు మాకు ఎదురైన తప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇది ఎదురవుతుంది. కడుబీసనహళ్లిలో పనిచేసే మా గది తమ్ముడు సాయంత్రం 4:58కి ఆఫీసు బేస్‌మెంట్‌లో బండి తీస్తూ "వద్దు" నొక్కాడు. అక్కడ సిగ్నల్ లేదు. అయినా బటన్ ఎర్రబడింది, పని అయిపోయిందనుకున్నాడు. ఫైర్‌స్టోర్ నెట్ లేనప్పుడు కూడా మార్పును ఫోన్‌లోనే రాసుకుని, నెట్ వచ్చాక సర్వర్‌కు పంపుతుంది. మామూలుగా అది మేలే. కానీ బండి రోడ్డెక్కి సిగ్నల్ వచ్చేసరికి ఐదు దాటింది, సర్వర్ ఒప్పుకోలేదు, బటన్ మళ్లీ పాత రంగుకు వెళ్లిపోయింది. అతను ఫోన్ జేబులో పెట్టేశాడు కదా, చూడలేదు. అక్క అతనికీ వండింది.

తప్పు సర్వర్‌ది కాదు, ఫోన్‌దీ కాదు. చేరని కబురును చేరినట్టు చూపించిన నా స్క్రీన్‌ది. మార్పు ఇంకా సర్వర్‌కు చేరలేదని ఫైర్‌స్టోర్ ఒక గుర్తు ఇస్తుంది, దాని పేరు హ్యాజ్ పెండింగ్ రైట్స్. అది ఉన్నంతసేపు బటన్ బూడిద రంగులో ఉండి "అక్కకు ఇంకా చేరలేదు" అని చూపించాలి. చేరాకే ఎర్రబడి "అక్కకు చేరింది" అనాలి. సర్వర్ తిప్పికొడితే నోటిఫికేషన్ రావాలి. మీ యాప్‌లో ఎక్కడెక్కడ ఒక మనిషి కబురు ఇంకో మనిషికి చేరాలో, అక్కడంతా ఈ మూడు స్థితులూ విడివిడిగా కనబడాలి.

మూడోది పక్కన కూర్చుని చూడటం. యాప్ వాడేవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, ఒక పని చెప్పి, నోరు మూసుకుని కూర్చోండి. వాళ్లు తప్పు చోట నొక్కితే "అక్కడ కాదు" అనాలని నాలుక కొసదాకా వస్తుంది, ఆపుకోండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో రాసుకోండి. ముగ్గురి దగ్గర కూర్చుంటే చాలు, పెద్ద తప్పులు దాదాపు అన్నీ బయటపడతాయి.

రిలీజ్ బిల్డ్, తాళంచెవి

ఇప్పటిదాకా మీరు నడిపింది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతుక్కోవడానికి తయారయ్యే రూపం. జనానికి ఇచ్చేది రిలీజ్ బిల్డ్, రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయని నమ్మకండి. ఫ్లట్టర్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. యాప్‌కు కావాల్సిన అనుమతులు రాసే ఫైల్‌ను మ్యానిఫెస్ట్ అంటారు. ఇంటర్నెట్ అనుమతి డీబగ్ మ్యానిఫెస్ట్‌లో దానంతటదే ఉంటుంది, అసలు మ్యానిఫెస్ట్‌లో ఉండదు. మీ టేబుల్ మీద అంతా బాగా నడిచిన యాప్ రిలీజ్‌లో నెట్ లేనట్టు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. రాత్రంతా సర్వర్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నవాళ్లను చూశాను. ఒక వరస చేర్చితే సరిపోతుంది. అందుకని రిలీజ్ బిల్డ్‌ను మీ ఫోన్‌లోనే పెట్టుకుని కనీసం రెండు రోజులు వాడండి.

రిలీజ్ బిల్డ్‌కు మీ సంతకం కావాలి. కీటూల్ అనే కమాండ్‌తో సంతకం తాళంచెవి ఉండే కీస్టోర్ ఫైల్, దానికి పాస్‌వర్డ్ తయారవుతాయి. ఆ ఫైల్ గిట్‌లోకి వెళ్లకూడదు, ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండకూడదు. 2019లో నా మొదటి యాప్ కీస్టోర్‌ను ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంచి, అది చెడిపోతే ఫార్మాట్ చేయించాను. సంతకాన్ని గూగుల్ దగ్గర పెట్టుకోని యాప్‌కు ఆ ఫైల్ పోతే అంతే, ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ లేదు. ఉన్నవాళ్లందరికీ "ఇది తీసేసి కొత్తది పెట్టుకోండి" అని చెప్పుకోవాల్సి వచ్చింది, చాలామంది తిరిగి రాలేదు. ఇప్పుడు కొత్త యాప్‌లకు అసలు సంతకం గూగుల్ దగ్గరే ఉంటుంది, మీ దగ్గరుండేది అప్‌లోడ్ కీ. అది పోతే ప్లే కన్సోల్‌లో, అంటే యాప్‌లు ప్రచురించే గూగుల్ వెబ్‌సైట్‌లో, అడిగి మార్పించుకోవచ్చు. అయినా రెండు చోట్ల దాచండి, పాస్‌వర్డ్ వేరే చోట రాసుకోండి.

ప్లే స్టోర్‌కు పంపేది ఏపీకే, అంటే ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్, కాదు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు యాప్ బండిల్, అంటే ఏఏబీ ఫైలే పంపాలి. దాన్నుంచి ఒక్కో ఫోన్‌కు తగిన ఏపీకేను గూగుల్ తయారుచేస్తుంది. పంపిన ప్రతిసారీ వెర్షన్ కోడ్ అంకె పెరగాలి. ఫ్లట్టర్‌లో వెర్షన్ వరసలో కూడిక గుర్తు తర్వాత ఉండే అంకె అదే.

పన్నెండు మంది, పద్నాలుగు రోజులు

ప్లే కన్సోల్ ఖాతాకు 25 డాలర్లు ఒకేసారి కట్టాలి. గుర్తింపు పత్రాలు అడుగుతుంది. పేరు, చిరునామా పత్రాల్లో ఉన్నట్టే రాయండి. సొంతూరి చిరునామా ఉన్న పత్రం పెట్టి పీజీ చిరునామా రాస్తే పరిశీలన ఆగిపోవచ్చు.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నియమం ఉంది. యాప్ అందరికీ విడుదల చేయాలంటే ముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే పిలిచినవాళ్లకు మాత్రమే తెరిచే పరీక్ష, పెట్టి, కనీసం 12 మంది 14 రోజులు ఆపకుండా అందులో ఉండాలి. మొదట్లో ఇది 20 మంది, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. దీని గురించి చాలామంది టెన్షన్ పడతారు, డబ్బులిచ్చి టెస్టర్లను కొనుక్కుంటారు. అలా చేయకండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు యాప్ పెట్టుకుని ఒక్కసారైనా తెరవరు. 14 రోజుల తర్వాత గూగుల్ "టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు" అని అడుగుతుంది, అప్పుడు రాయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మన పీజీలో, పక్క పీజీలో, ఆఫీసులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న పన్నెండు మంది దొరకరా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇద్దరు ముగ్గురు మధ్యలో తప్పుకోవచ్చు కాబట్టి పదహారు పదిహేడు మందిని చేర్చుకోండి. వాళ్ల జీమెయిల్ చిరునామాలు జాబితాలో పెట్టి లింకు పంపండి. లింకులో ఒప్పుకున్నట్టు నొక్కాకే లెక్కలోకి వస్తారు, ఊరికే ఇన్‌స్టాల్ చేస్తే రారు. ఇది మీరే పక్కనుండి చేయించండి.

అంతకుముందే ఇంటర్నల్ టెస్టింగ్ అనే దారి ఉంది, 100 మంది వరకు. దానికి ఎదురుచూపు దాదాపు ఉండదు. మీ ఇద్దరు ముగ్గురు స్నేహితులతో మొదటి తప్పులు అక్కడే ఏరేయండి.

ఈ పద్నాలుగు రోజుల్లో ఫారాలు నింపుకోండి. యాప్ ఏ సమాచారం తీసుకుంటుందో డేటా సేఫ్టీలో ఉన్నదున్నట్టు రాయాలి. ప్రైవసీ పాలసీ అందరూ చూడగలిగే వెబ్ పేజీలో ఉండాలి. ఖాతా తెరిపిస్తే ఖాతా తీసేసే దారి యాప్‌లోనూ, వెబ్ లింకుగానూ ఇవ్వాలి. పని లేని అనుమతులు అడగకండి. భోజనం లెక్కకు కాంటాక్టులెందుకు, లొకేషన్ ఎందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది కదా అని మాత్రమే కాదు, ఆ వివరాలు ఇచ్చేవాళ్లు మీతో కలిసి తినేవాళ్లు. లాగిన్ ఉన్న యాప్ అయితే పరిశీలించేవాళ్లకోసం ఒక ఉత్తుత్తి ఖాతా, పాస్‌వర్డ్ "యాప్ యాక్సెస్"లో ఇవ్వండి. లోపలికి వెళ్లలేకపోతే వాళ్లు తిప్పి పంపేస్తారు.

స్టోర్ పేజీకి 512 పిక్సెళ్ల చదరపు ఐకాన్, 1024 బై 500 బొమ్మ, కనీసం రెండు స్క్రీన్‌షాట్లు కావాలి. పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80. తెలుగులో రాసేటప్పుడు జాగ్రత్త, గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. "మెస్ లెక్క" చూడటానికి నాలుగు అక్షరాలే, కంప్యూటర్ లెక్కలో ఖాళీతో కలిపి పది.

ఐఫోన్లు, మిగతా దారులు

ఐఫోన్‌కు ఆపిల్ ఖాతా ఏడాదికి 99 డాలర్లు, బిల్డ్ చేయడానికి మ్యాక్ కావాలి. పరీక్షకు టెస్ట్‌ఫ్లైట్ ఉంది, బయటివాళ్లను 10,000 మంది వరకు చేర్చవచ్చు, ఒక్కో బిల్డ్ 90 రోజులు పనిచేస్తుంది. మొదటి యాప్‌కు ఈ ఖర్చు వద్దనే నా సలహా. మా ఐఫోన్ అబ్బాయిలకు ఫ్లట్టర్‌తోనే వెబ్ పేజీ చేసి ఇచ్చాను, అదే వాడుతున్నారు.

ప్లే స్టోర్ ఒక్కటే దారి కాదు. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్‌లో తెలుగు సహా 12 భారతీయ భాషలున్నాయి. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఉద్దేశముంటే ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోర్ ఉంది. ఏపీకే ఫైల్‌ను వాట్సాప్‌లో పంచడం మాత్రం వద్దు. పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేను నమ్మి పెట్టుకోవడం మనవాళ్లకు మనమే అలవాటు చేయకూడదు.

విడుదలయ్యాక

మొదటి విడుదల అందరికీ ఒకేసారి వెళ్తుంది. తర్వాతి అప్‌డేట్లను శాతాల్లో వదలవచ్చు. నేను ముందు 10 శాతం మందికి వదిలి, యాప్ ఎక్కడ కూలిందో చూపించే క్రాష్‌లిటిక్స్‌ను రెండు రోజులు చూసి, ఏమీ లేకపోతే పెంచుతాను. తప్పు బయటపడితే వదలడం ఆపవచ్చు. కానీ అప్పటికే చేరిన ఫోన్లలో పాతదాన్ని తిరిగి పెట్టే బటన్ లేదు. పాత కోడ్‌నే కొత్త వెర్షన్ కోడ్‌తో పంపాలి. మొదటి రోజు గిట్ పెట్టుకోమన్నది ఇందుకే.

క్యాలెండర్‌లో ఒక తేదీ రాసుకోండి: ఆగస్టు 31. ప్రతి ఏటా దాదాపు ఆ సమయానికి ప్లే స్టోర్ కొత్త ఆండ్రాయిడ్‌ను లక్ష్యంగా పెట్టమంటుంది. 2025లో అది ఆండ్రాయిడ్ 15, అంటే ఏపీఐ 35. పట్టించుకోకపోతే అప్‌డేట్లు పంపలేరు, ఇంకా వెనకబడితే కొత్త ఫోన్లతో కొత్తగా వచ్చేవాళ్లకు మీ యాప్ స్టోర్‌లో కనబడకుండా పోతుంది. జూన్‌లోనే ఒక ఆదివారం దీనికి కేటాయించండి. లైబ్రరీలు మార్చి, పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

ఇక రెండో పేజీలో రాసి పక్కన పెట్టినవి గుర్తున్నాయా? వాటిని ఇప్పుడు తీయవచ్చు, అయితే ఏది ముందన్నది వాడేవాళ్లను చెప్పనివ్వండి. నా జాబితాలో అద్దె లెక్కలు అన్నిటికన్నా పైన ఉన్నాయి. అక్క మాత్రం నెల తర్వాత ఫోన్ చూపిస్తూ, "నలభై రెండు అని ఉండాది సరే, ఇందులో చపాతీ ఎంతమందికో తెలిస్తే పిండి సరిగ్గా కలుపుకుంటా కదా" అంది. పెన్సిల్, కాగితం తీసుకుని మళ్లీ వంటింట్లోకి వెళ్లాను.